“చూసుకోవడంలో తప్పేముంది?” అంటే ఏం చెప్పాలి

అద్దెఇల్లు · మారతహళ్ళి · ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. నేను ఇక్కడ చదవడమే ఎక్కువ, రాసింది రెండుసార్లే. ఒకసారి మారతహళ్ళిలో అద్దె ఇంటి కోసం, ఇంకోసారి పుల్ల గోంగూర ఎక్కడ దొరుకుతుందని. ఈసారి సంగతి వేరు.

నాకిప్పుడు రెండో గర్భం, పదమూడో వారం. మొదటిది పాప, నాలుగేళ్ళు. మా అత్తయ్యది మదనపల్లె దగ్గర పల్లె. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే అందరూ ఆవిడ మీద పడతారు. మొదటి కాన్పుకి మా అమ్మకి ఒంట్లో బాగోకపోతే మూడు నెలలు ఇక్కడే ఉండి పాపకి నలుగుపెట్టి నీళ్ళు పోసింది ఆవిడే.

ఈరోజు పొద్దున ఫోన్ చేశారు. “అమ్మీ, మనోళ్ళకి తెలిసిన చోటొకటుందంట. కడుపులో ఆడో మగో ఒక్కసారి చూపించుకుందాం. తీయించుకోమని నేనంటానా? ఊరికే తెలుసుకునేదానికి. చూసుకోవడంలో తప్పేముంది?” అన్నారు. చట్టం ఒప్పుకోదన్నాను. “హెల్మెట్టు లేకుండా పొయ్యేది కూడా చట్టం ఒప్పుకోదు” అన్నారు. మా ఆయన పక్కనే ఉన్నాడు. ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, “అమ్మ అడిగిందని ఒకసారి వెళ్ళొస్తే పోయేదేముంది, తర్వాత నీ ఇష్టమేగా” అన్నాడు.

నేను వెళ్ళను. అది తేలిపోయింది. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు. అమెరికాలో మా అక్కకి పదో వారంలోనే రక్తపరీక్ష చేసి అమ్మాయని చెప్పేశారు, కేకు కోసి లోపల గులాబీ రంగు చూపించారు, మేమందరం వీడియో కాల్‌లో చప్పట్లు కొట్టాం. అక్కడ లేని తప్పు ఇక్కడ ఎలా వచ్చింది? జైలు, జరిమానా కాకుండా, న్యాయంగా ఏం చెప్పాలో చెప్పండి.


కేఆర్‌పురం_కాఫీ · ఆదివారం రాత్రి 10:52

జవాబు చెప్పాల్సింది ముందు మీ ఆయనకి. అత్తగారు తర్వాత.


సూటిగా · ఆదివారం రాత్రి 11:15

తిట్టుకున్నా ఫర్వాలేదు, ఆవిడ ప్రశ్నలో పాయింటుంది. బీపీ చెప్తారు, షుగరు చెప్తారు, థైరాయిడ్ చెప్తారు, ఇదొక్కటే దాస్తారు. నా ఒంట్లో ఏముందో నాకు తెలియకూడదా?

ఇంకో మాట. పోయినేడాది ఇదే వేదికలో అబార్షన్ మీద గొడవ జరిగినప్పుడు “ఆమె శరీరం, ఆమె ఇష్టం, కారణం అడగడానికి మీరెవరు” అని నా మీద ఎగిరారు. అలా ఎగిరినవాళ్ళే ఇప్పుడు “ఈ కారణానికైతే కుదరదు” అంటారు, రాసిపెట్టుకోండి. ఉద్యోగం పోతుందని తీయించుకుంటే హక్కు, మూడో ఆడపిల్ల వద్దని తీయించుకుంటే పాపమా? ఏదో ఒక మాట మీద నిలబడండి.


గుంటూరు_కారం · సోమవారం ఉదయం 7:30

మన తెలుగువాళ్ళలో ఇలాంటివి లేవండీ. ఆడపిల్ల పుడితే లక్ష్మి వచ్చిందంటాం. ఇది హర్యానా, పంజాబు జబ్బు.


స్కాన్‌గది · చెన్నై · సోమవారం మధ్యాహ్నం 2:05

చెన్నైలో 22 ఏళ్ళుగా స్కానింగ్ చేస్తున్నాను. ఊరు నెల్లూరు. భోజనం టైములో రాస్తున్నా, పొడుగైతే క్షమించండి.

ముందు ఒక నిజం. పద్నాలుగు పదిహేను వారాలు దాటాక దాదాపు ప్రతి బిడ్డదీ నాకు కనిపిస్తుంది. గుండె, వెన్ను చూస్తూ పోతుంటే అదీ కంటపడుతుంది. రోజుకి పాతికమందిని చూస్తాను. ఆ పాతిక సంగతులూ గది దాటవు. టీ తాగేసరికి నాకే గుర్తుండవు.

ఈ కథ స్కానింగ్‌తో మొదలవలేదు. ఉమ్మనీరు తీసి చేసే పరీక్షని 1975లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలుపెట్టారు, జన్యులోపాలు పట్టడానికి. వచ్చినవాళ్ళలో చాలామందికి లోపాల గురించి బెంగ లేదు, ఆడా మగా చెప్పమన్నారు. ఎనభైల్లో ఉత్తరాదిన, బొంబాయిలో ఈ పరీక్ష బాహాటంగా అమ్మారు. ఇప్పుడు 500 పెడితే తర్వాత 50,000 మిగులుతాయని ప్రకటనలుండేవి. ఆ యాభై వేలు ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు, చదివినవాళ్ళందరికీ తెలుసు. 1988లో మహారాష్ట్ర ముందుగా చట్టం చేసింది. దేశమంతటికీ 1994లో చేశారు, అమలు 1996 నుంచి. గర్భం రాకముందే ఎంచుకునే పద్ధతుల్ని కూడా 2003లో కలిపారు, ఐవీఎఫ్‌లో మగపిల్లాణ్ణి ఏరుకోవడం కూడా అందులోకే వస్తుంది.

సూటిగా గారి ప్రశ్నకి సగం జవాబు చట్టంలోనే ఉంది. అబార్షన్ చట్టం 1971ది, 2021లో మార్చారు. 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. వచ్చినావిణ్ణి నిలబెట్టి “ఆడపిల్లనా?” అని అడిగే అధికారం అందులో ఎవరికీ ఇవ్వలేదు. అడిగి లాభం లేదు కూడా, ఎవరైనా వేరే కారణం చెప్తారు. అందుకని ఆమె గర్భసంచిని వదిలేసి నా నోరు కట్టేశారు. చెప్తే నాకు 3 ఏళ్ళ దాకా జైలు, 10,000 జరిమానా, రిజిస్ట్రేషన్ పోతుంది. చెప్పమన్న భర్తకీ, బంధువులకీ 3 ఏళ్ళు, 50,000. గర్భిణిని మాత్రం ఇంట్లోవాళ్ళు బలవంతపెట్టి తెచ్చారనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువైతే తప్ప.

అద్దెఇల్లు గారూ, స్కానింగుకి వెళ్ళినప్పుడు ఫారం ఎఫ్ ఇస్తారు. అందులో ఒక వాక్యం ఉంటుంది, నా కడుపులోని బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని నేను కోరుకోవడం లేదు అని. వెయ్యిమందిలో పదిమంది కూడా అది చదవరు, ఆధార్ జిరాక్స్‌తో పాటు సంతకం చేసి ఇచ్చేస్తారు. కింద నేను కూడా సంతకం చేస్తాను, చెప్పలేదని.

పేషెంట్ వచ్చింది. మళ్ళీ వస్తా.


లెక్కలమాస్టారు · జయనగర్ · సోమవారం రాత్రి 8:20

గుంటూరు_కారం గారికి. లక్ష్మి వచ్చిందంటాం, నిజమే. పక్కింట్లో పుట్టినప్పుడు.

ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు ఎంతమందో జనాభా లెక్కల్లో ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో 975, 2001లో 961, 2011లో 939. దేశం మొత్తానికి 945, 927, 918. దేశం కన్నా మనం మెరుగని మురిసిపోయేముందు తీసివేత చేయండి. ఆఖరి పదేళ్ళలో దేశం 9 జారితే మనం 22 జారాం.

పుట్టుకల లెక్క వేరే ఉంది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశానికి 929, ఆంధ్రకి 934, తెలంగాణకి 894. మనం అద్దెకుంటున్న కర్ణాటకకి 978, తమిళనాడుకి 878. సర్వే కాబట్టి ఒక్కో రాష్ట్రం అంకె ఊగుతుంది. తమిళనాడుకి అంతకుముందు సర్వేలో 954 ఉంది, నాలుగేళ్ళలో అంత మార్పు జరగదు. కాబట్టి ఈ అంకెలు పట్టుకుని చెన్నైవాళ్ళని ఏడిపించొద్దు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎవరూ వేలు పెట్టకపోయినా వెయ్యి మంది అబ్బాయిలకి సుమారు 950 మంది అమ్మాయిలే పుడతారు. వెయ్యికి వెయ్యి ఎక్కడా ఉండదు.


మిరియాలచారు · చెన్నై · సోమవారం రాత్రి 9:10

>ఈ అంకెలు పట్టుకుని చెన్నైవాళ్ళని ఏడిపించొద్దు

థాంక్స్ మాస్టారూ. కానీ మా దగ్గర దాచడానికేం లేదు. ఉసిలంపట్టి, సేలం పేర్లు ఎనభైలు తొంభైల్లో పేపర్లనిండా ఉండేవి. అప్పుడు స్కానింగు కాదు, పుట్టాకే చంపేవాళ్ళు. వడ్లగింజ, జిల్లేడు పాలు. 1992లో జయలలిత ప్రభుత్వం సేలంలో తొట్టి పిల్లల పథకం పెట్టింది. మీకు వద్దంటే ఈ ఉయ్యాల్లో పెట్టి వెళ్ళండి, ఎవరని అడగం అని. కొందరు మెచ్చుకున్నారు. వదిలేయడాన్ని ప్రభుత్వమే సులువు చేస్తోందని కొందరు తిట్టారు. ఉయ్యాల్లో పడి బతికిన పిల్లలున్నారు కాబట్టి నేను తిట్టలేను.

తిరుత్తణి దగ్గర ఒక ఊళ్ళో వరసగా ఆడపిల్లలు పుడితే “వేండాం” అని పేరు పెడతారు. వద్దు అని అర్థం. అలా పెడితే తర్వాత మగపిల్లాడు పుడతాడని నమ్మకం. స్కూల్లో హాజరు పిలుస్తుంటే ఆ పిల్లకి ఎలా ఉంటుందో.


నీలిగోరింట · మహదేవపుర · సోమవారం రాత్రి 11:35

సూటిగా గారూ, పోయినేడాది మీ మీద ఎగిరిన వాళ్ళలో నేనొకదాన్ని. మాట మీద నిలబడే ఉన్నాను.

“నాకిప్పుడు బిడ్డ వద్దు” అనే ఆడమనిషి తన బతుకు సంగతి మాట్లాడుతోంది. “బిడ్డ కావాలి, కానీ ఇది వద్దు” అంటే మాట ఆ పిల్ల మీదికి వెళ్ళింది. మొదటిదాన్ని అడ్డుకునే హక్కు నాకు లేదు. రెండోది చెప్తున్నది అసలు ఆమేనా అని నా అనుమానం. కడుపు ఆమెది, స్కానింగ్‌కి డబ్బు భర్తది, అడ్రసు తెచ్చింది మేనమామ, తేదీ ఖాయం చేసింది అత్తగారు. ఇందులో ఆమె ఇష్టం ఎక్కడుందో వెతికి చూపించండి, నేనే వచ్చి మీకు ఫిల్టర్ కాఫీ పోస్తాను.

ఇంతవరకూ సులువు. ఇక్కడినుంచి నాకే కష్టం. 2019లో నా రెండో గర్భం 19 వారాల్లో తీయించుకున్నాను. గుండెలో ఎడమవైపు ఏర్పడలేదన్నారు. పుట్టిన వారంలో మొదలుపెట్టి మూడు ఆపరేషన్లు చేయాలి, బతుకుతుందని చెప్పలేం అన్నారు. అప్పుడు నేను కూడా అన్నది అదే కదా, బిడ్డ కావాలి, ఇది వద్దు. ఆడపిల్ల అవడం జబ్బు కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. అయినా వికలాంగుల హక్కుల కోసం పనిచేసే నా ఫ్రెండు ఒకావిడ “నా గురించి మా అమ్మకి ముందే తెలిసుంటే?” అని అడిగినప్పుడు నేను మాట్లాడలేకపోయాను. ఇప్పటికీ ఆ ప్రశ్న అలాగే ఉంది.

ఇంకోటి, అప్పుడు మొదట వెళ్ళిన ఆసుపత్రిలో 19 వారాలనగానే కేసు తీసుకోం అన్నారు. రెండోచోట నర్సు నెమ్మదిగా చెప్పింది. అయిదో నెలలో వచ్చిన ప్రతివాళ్ళనీ అనుమానిస్తారంట, ఫైళ్ళు తీస్తారని భయమంట. చట్టం వద్దని నేననను. కానీ దాని రాయి తగిలింది నాకు.


స్కాన్‌గది · చెన్నై · మంగళవారం ఉదయం 6:50

నీలిగోరింట గారు చెప్పింది జరుగుతోంది. అది మా వాళ్ళ పిరికితనం. చట్టంలో అలా లేదు. అలాగే ఫారంలో ఒక గడి ఖాళీగా ఉన్నా క్రిమినల్ కేసేనా అని మేం డాక్టర్లం కోర్టుకెక్కాం. రికార్డు సరిగా పెట్టకపోవడం గుమస్తా పొరపాటు కాదని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది. నాకు అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడాలోచిస్తే, గది లోపల నేనేం చెప్పానో ఎవరూ వినలేరు, పట్టుకోడానికి వాళ్ళకున్నది ఆ కాగితమొక్కటే.

పోతే, ఆడపిల్ల పుట్టిందని కోడలిని తిట్టేవాళ్ళకి. అమ్మ దగ్గర ఎక్స్ క్రోమోజోములే ఉంటాయి. ఆడపిల్లకి ఎక్సో, మగపిల్లాడికి వయ్యో ఇచ్చేది నాన్న. ఈ మాట చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. “మావాడిలో లోపమంటారా” అని ఒకావిడ నాతో పోట్లాడింది కూడా.


షేర్‌మార్కెట్_శీను · మంగళవారం ఉదయం 9:30

ఎవరూ చెప్పని కోణం. సప్లై తగ్గితే విలువ పెరుగుతుంది. ఇంకో ఇరవయ్యేళ్ళలో కట్నం పోయి మగపెళ్ళివారే ఎదురుకట్నం ఇస్తారు. మార్కెట్టే సరిచేస్తుంది.


మండ్య_అల్లుడు · మంగళవారం ఉదయం 11:00

శీనూ, నువ్వు చెప్పిన మార్కెట్ మా అత్తగారి జిల్లాలో తెరిచే ఉంది, వచ్చి చూసుకో.

నాది హిందూపురం, పెళ్ళి మండ్య అమ్మాయితో. 2023 ఫిబ్రవరిలో అక్కడి కుర్రాళ్ళు పెళ్ళిసంబంధాలు కుదరడం లేదని మలెమహదేశ్వర బెట్టకి పాదయాత్ర చేశారు. బ్రహ్మచారుల నడక అని పేరు. టీవీలో నవ్వుతూ చూపించారు. చెరకు, వరి పండించే పిల్లలు, ముప్ఫై దాటినవాళ్ళు. రైతుకి పిల్లనివ్వడం లేదన్నది ఒక కారణం, ఒప్పుకుంటాను. మా బావమరిది కూడా వెళ్ళాడు. కాళ్ళు బొబ్బలెక్కి వచ్చాడు, సంబంధం రాలేదు.

అదే ఏడాది నవంబరులో బెంగళూరు బైయప్పనహళ్ళి పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. స్కానింగ్ ఎక్కడ చేసేవాళ్ళో తెలుసా? మండ్య జిల్లాలో ఒక ఆలెమనెలో. అంటే బెల్లం వండే షెడ్డు. వందల గర్భాలు తీశారని పోలీసులు చెప్పారు, కేసు సీఐడీకి వెళ్ళింది. బావమరిది బ్రహ్మచారుల నడకకి వెళ్ళిన జిల్లా, బెల్లం షెడ్డులో మెషీన్ పెట్టిన జిల్లా ఒకటే. మా మామగారు ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టారు, ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు.

విలువ పెరిగితే ఎవరి జేబులోకి? హర్యానాలో బీదరాష్ట్రాల నుంచి తెచ్చుకున్న కోడళ్ళని “మోల్కీ” అంటారు. కొనుక్కొచ్చినది అని. బర్రెకి కూడా రేటు పెరుగుతుంది శీనూ.


షేర్‌మార్కెట్_శీను · మంగళవారం ఉదయం 11:20

సరే సరే. ఊరికే అన్నా.


నిర్వాహకుడు · మంగళవారం మధ్యాహ్నం 12:00

ఇద్దరు సభ్యులు “ఆ తెలిసిన చోటు ఎక్కడ” అని అద్దెఇల్లు గారికి విడిగా మెసేజ్ పెట్టారని ఆవిడ నాకు చెప్పారు. ఆ ఇద్దర్నీ తీసేశాను. ఇది చర్చ అనుకున్నాను గానీ, చదివేవాళ్ళలో అడ్రసు కోసం చదివేవాళ్ళున్నారని ఇప్పుడే తెలిసింది. ఎవరైనా ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు రాస్తే పోస్టు ఉండదు. ఇంట్లో బలవంతం చేస్తుంటే 181కి చేయండి.


తాంబరం_తాతయ్య · చెన్నై · మంగళవారం సాయంత్రం 5:45

నాకు 74. ఇద్దరూ ఆడపిల్లలే. మా కాలంలో మెషీన్లు లేవు గాబట్టి ఆ పాపం చేసే అవకాశం రాలేదు, అంతమాత్రాన పుణ్యాత్ముణ్ణని చెప్పుకోను.

కొడుకెందుకంటే తలకొరివికి, పున్నామ నరకానికి అంటారు. అది పైమాట. లోపలి మాట పొలం. ఆడపిల్లని పెంచడమంటే పక్కింటి చెట్టుకి నీళ్ళు పోయడమని సామెత కదా, ఆ చెట్టుతో బాటు ఎకరం కూడా పోతుందని బాధ. ఎన్టీఆర్ 1986లో చట్టం తెచ్చి పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో వాటా ఇచ్చాడు. తమిళనాడు 1989లో, దేశమంతటికీ 2005లో. అప్పుడు మా ఊళ్ళో ఏం జరిగిందో చెప్తాను. రిజిస్ట్రారాఫీసు ముందు వేపచెట్టు కింద అక్కచెల్లెళ్ళని కూచోబెట్టి హక్కు విడుదల కాగితం మీద సంతకాలు పెట్టించేవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక పట్టుచీర, ఇడ్లీ పొట్లం. నా చెల్లెళ్ళిద్దరి చేతా నేనూ పెట్టించాను. చీరలు కంచివే, చెన్నై నుంచి నేనే పట్టుకెళ్ళాను.

పోయినేడాది మా ఆవిడ పోతే చిన్నమ్మాయే కుండ పట్టుకుంది. పురోహితుడు గొణిగాడు, రెండువందలు ఎక్కువిస్తే ఊరుకున్నాడు.


కేఆర్‌పురం_కాఫీ · మంగళవారం సాయంత్రం 6:10

తాతయ్యగారూ, చెల్లెళ్ళకి పొలం తిరిగిచ్చారా?


తాంబరం_తాతయ్య · మంగళవారం సాయంత్రం 6:40

లేదమ్మా. అమ్మేశాం. ఆ డబ్బుతోనే ఈ ఫ్లాటు.


సూటిగా · మంగళవారం రాత్రి 9:00

నీలిగోరింట గారు తన సంగతి అంత నిజాయితీగా చెప్పాక నేను గెలవడానికి వాదించను. ఒకటే అడుగుతా. వద్దనుకున్న ఇంట్లో పుట్టి, రోజూ ఈసడింపులు పడుతూ పెరగడం ఆ పిల్లకి న్యాయమా? ముందే ఆపితే ఆ బాధ ఉండదు కదా. ఇది దురుద్దేశంతో అడగట్లేదు.


కేఆర్‌పురం_కాఫీ · మంగళవారం రాత్రి 9:25

మా చిన్నత్త నాలుగో ఆడపిల్ల. అన్నం ఆఖర్న పెట్టేవాళ్ళు, పుస్తకాలు కొనేవాళ్ళు కాదు. ఇప్పుడు 61. హొసకోటెలో టైలరింగ్ షాపు, కింద నలుగురు పనిచేస్తున్నారు. మీ ప్రశ్న ఇప్పుడే ఫోన్లో చదివి వినిపించా. “బాధ పెట్టినోళ్ళని వదిలేసి బాధపడిందాన్ని తీసేస్తారంటనా?” అంది. తర్వాత జాకెట్టు కొలతలు పంపమంది.


శుక్రవారం · చెన్నై · బుధవారం రాత్రి 1:50

ఈ పోస్టు కోసమే ఈ పేరు పెట్టుకున్నాను. తర్వాత రాయను.

అద్దెఇల్లు గారూ, మీ ఆయన అన్న మాటే నేనూ అన్నాను. 2004. చెన్నై. ఇద్దరు ఆడపిల్లలు, మూడోసారి. మా అమ్మ “ఊరికే చూపించుకోండి” అంది. నేను నా భార్యతో “చూపించుకుంటే పోయేదేముంది, తర్వాత నీ ఇష్టం” అన్నాను. ఆ మాటలో నేను ఎంత మంచివాణ్ణో అని నాకనిపించింది కూడా.

ఒక మనిషి తీసుకెళ్ళాడు. ఎక్కడో చెప్పను. గోడ మీద ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు అని తమిళంలో, ఇంగ్లీషులో బోర్డు. ఆ బోర్డు కిందే కూర్చున్నాం. లోపల డాక్టరు ఆడా మగా ఏమీ అనలేదు. బిడ్డ బాగుంది అన్నాడు. రిపోర్టు శుక్రవారం వచ్చి తీసుకోండి అన్నాడు. అంతే. తీసుకెళ్ళిన మనిషి మాకు ముందే చెప్పాడు. సోమవారం అంటే అబ్బాయి. శుక్రవారం అంటే అమ్మాయి.

మెట్లు దిగుతుంటే నా భార్య చెయ్యి కమ్మీ మీద ఉంది. నేను ముందు దిగుతున్నాను. ఆమె మెట్ల మధ్యలో ఆగింది. వెనక్కి తిరిగి చూశాను గానీ ఏమీ అనలేదు. తర్వాత ఇష్టం నీది అన్నాను కదా, అందుకని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడంతోనే అంతా అయిపోయింది. పదిరోజుల తర్వాత ఆమే వచ్చి “మీ అమ్మగారు డబ్బు ఇచ్చారు” అంది. నేను కారు తీశాను.

మాది ప్రతి శుక్రవారం లక్ష్మీపూజ చేసే ఇల్లు. అప్పటినుంచి ఆమె చేయలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. మా అమ్మ చేసేది, అమ్మ పోయాక ఆగిపోయింది. మా పెద్దమ్మాయికి ఇప్పుడు పెళ్ళీడు. పోయిన దీపావళికి బీరువా సర్దుతూ ఆ పాత ఫైలు తీసింది. చదివి, మళ్ళీ అక్కడే పెట్టింది. నాతో మాట్లాడుతూనే ఉంది, మామూలుగానే ఉంది. కాకపోతే ఇంటికొస్తే ముందు వంటింట్లోకి వెళ్తుంది, హాల్లో నా దగ్గర ఆగదు.

చూసుకోవడంలో తప్పేముంది అన్నదానికి నా దగ్గరున్నది ఇదే. చూసుకోకముందు మాకు మూడో బిడ్డ రాబోతోంది. చూసుకున్నాక అది మేం తేల్చాల్సిన సంగతి అయిపోయింది. తేల్చమని ఎవరూ నోరు తెరిచి అనలేదు.


మిరియాలచారు · చెన్నై · బుధవారం ఉదయం 7:15

చదివాను.


నీలిగోరింట · బుధవారం ఉదయం 8:40

మీ ఆవిడకి ఈ మాటలు ఎప్పుడైనా చెప్పారా? ఇక్కడ జవాబు రాయక్కర్లేదు.


స్కాన్‌గది · చెన్నై · బుధవారం రాత్రి 10:00

సోమవారం, శుక్రవారం. ఎర్ర ఇంకు, నీలం ఇంకు. లడ్డూ, జిలేబీ. మా వృత్తిలో అందరం విన్నవే. ఒకప్పుడు ఇవి చెప్పుకుని నవ్వేవాళ్ళం, నేను కూడా.


అద్దెఇల్లు · మారతహళ్ళి · ఏడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:30

చాలామంది ఏమైందని అడిగారు. ఆలస్యానికి క్షమించండి, వాంతులు, ఆఫీసు, పాపకి జ్వరం.

ముందు మా ఆయన సంగతి. శుక్రవారం గారి పోస్టు ఫోన్లో తెరిచి చేతికిచ్చాను. చదివాడు. ఒక గంట బాల్కనీలో ఉన్నాడు. తర్వాత వాళ్ళమ్మకి ఫోన్ చేసి “ఆ చోటు సంగతి ఇంక ఎత్తొద్దమ్మా, నాకిష్టం లేదు” అన్నాడు. నా పేరు తీయలేదు, “నాకు” అన్నాడు. అది చాలు నాకు.

అత్తయ్య నాలుగు రోజులు ఫోన్ చేయలేదు. అయిదోరోజు చేసి వస్తున్నానన్నారు. నేను టెన్షన్ పడ్డాను. మజ్జిగ మిరపకాయలు, రాగిపిండి మూటతో దిగారు. రెండోరోజు మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నేనే అడిగాను. “అత్తయ్యా, తెలిస్తే ఏం మారుతుంది? ఏమీ మారకపోతే ఆర్నెల్లు ఆగొచ్చు కదా. ఆగలేకపోతున్నారంటే ఏదో మారాలనే కదా?” ఇక్కడ ఇన్ని పోస్టులు చదివాక నాకు మిగిలిన వాదన అదొక్కటే. గట్టిగా అందామనుకున్నాను, గొంతు సన్నగా వచ్చింది.

ఆవిడ చాలాసేపు ఒలుస్తూనే ఉన్నారు. “మనసు సిద్ధం చేసుకునేదానికి అమ్మీ” అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. ఆడపిల్లైతే సిద్ధం చేసుకోవాల్సిన మనసేమిటి? కానీ అబద్ధం మాత్రం కాదు.

తర్వాత ఆవిడే చెప్పారు. మా ఆయన కన్నా ముందు ముగ్గురు ఆడపిల్లలు కదా. మూడో ఆడపడుచు పుట్టినప్పుడు ఆసుపత్రికి ఎవరూ రాలేదంట. నాలుగోరోజు మామయ్య వచ్చి, వార్డు గుమ్మం దగ్గరే నిలబడి, టిఫిన్ క్యారియర్ కింద పెట్టి, కాలితో లోపలికి తోసి వెళ్ళిపోయారంట. “అది తెరిస్తే పప్పు పులిసిపోయింది. అయినా తినేసినా. బిడ్డకి పాలు పడాల కదా.” ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదంట. ఆ మూడో ఆడపడుచే ఇప్పుడు నెలనెలా వాళ్ళ మందులకి డబ్బు పంపేది. అది అత్తయ్య అనలేదు, నాకు తెలుసు.

నిన్న అయిదో నెల స్కానింగ్. తనూ వస్తానన్నారు. కాగితాలిచ్చారు. ఆ వాక్యం కోసం వెతికి, ఆవిడకి వినబడేలా తెలుగులో చదివాను. “పుట్టబోయే బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని నేను కోరుకోవడం లేదు.” సంతకం చేశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం కాసేపు చూశారు. “అబద్ధం రాసిస్తే తప్పు కాదా?” అని అడిగారు. నాది అబద్ధం కాదన్నాను. “నీది కాదులే” అని బయట బెంచీ మీద కూర్చున్నారు, లోపలికి రాలేదు.

బిడ్డ బాగుంది. గుండె, వెన్ను, మూత్రపిండాలు అన్నీ చూశారు. జెల్ తుడుచుకుని బయటికొస్తే అడిగిన మొదటి మాట, “రిపోర్టు ఎప్పుడిస్తారంట?”

ఆ పోస్టు గుర్తొచ్చి నా ఒళ్ళు జలదరించింది. ఆవిడకి ఆ సంగతి తెలియదు, ఊరికే అడిగారు. పదినిమిషాల్లో ఇచ్చేస్తారని చెప్పాను. ఇద్దరం అక్కడే కూర్చున్నాం.